మూట సైజు పెంచొద్దు, మూటలు పెంచండి

ఎడిటర్ గారికి నమస్కారం,

బడ్జెట్ మర్నాడు మీ పేపర్లో లోపలి పేజీ నిండా డబ్బు మూటలు వేశారు కదా, ఆ బొమ్మ గురించే ఈ ఉత్తరం. బొమ్మ బాగుంది, కాదనను, మా ఇంట్లో అందరూ ముందు ఆ పేజీయే చూశారు. కానీ ఒకసారి స్కేలు పెట్టి కొలవండి. ఒక పద్దు ఇంకోదానికి దాదాపు రెండింతలు, అందుకని చిన్న మూట రెండు సెంటీమీటర్ల ఎత్తు, పెద్ద మూట నాలుగు సెంటీమీటర్లు. ఎత్తు వరకు లెక్క కరెక్టే. అయితే కంప్యూటర్లో బొమ్మని మూల పట్టుకుని లాగితే ఎత్తుతో పాటు వెడల్పు కూడా డబల్ అవుతుంది, అంటే కాగితం మీద పెద్ద మూట ఆక్రమించిన చోటు నాలుగింతలు. పైగా షేడింగ్ ఇచ్చి గుండ్రంగా ఉబ్బినట్టు చూపించారు, నిజంగా అలాంటి మూట కుట్టించి డబ్బు కూరితే చిన్నదానికి ఎనిమిదింతలు పడుతుంది. పక్కన రాసిన అంకె మాత్రం రెండింతలే అంటోంది. పొద్దున్నే టీ తాగుతూ పేపర్ తిరగేసేవాళ్ళలో అంకె చదివేది ఎంతమందో, బొమ్మ చూసి పేజీ తిప్పేసేది ఎంతమందో నాకంటే మీకే బాగా తెలుసు.

అమెరికాలో ఎడ్వర్డ్ టఫ్టీ అని ఒక ప్రొఫెసర్ 1983లో ఈ గ్రాఫుల మీదే ఒక పుస్తకం రాశాడు, అందులో బొమ్మ ఎంత అబద్ధం చెబుతోందో చూడ్డానికి లై ఫ్యాక్టర్ అని ఒక కొలత పెట్టాడు. లెక్క చాలా సింపుల్, బొమ్మలో కనిపించే పెరుగుదలని అసలు అంకెల్లో పెరుగుదలతో భాగించడమే. మీ మూటలకి వేస్తే అంకెల్లో పెరిగింది 100 శాతం, కాగితం మీద పెరిగింది 300 శాతం, ఫ్యాక్టర్ 3 వస్తుంది. రావాల్సింది 1. ఉబ్బు కూడా కలిపితే 7, సర్లెండి అంత దూరం పోను.

ఇదంతా చదివి బొమ్మలు పీకేసి నల్లగీతలు వేయమంటున్నాడు అనుకోకండి. టఫ్టీ దాదాపు అదే అంటాడు, సమాచారం చెప్పని సిరా ఎంత ఉంటే అంత తీసెయ్యమంటాడు, అలాంటి అలంకారానికి చార్ట్‌జంక్ అని పేరు కూడా పెట్టాడు. ఆయన చేతిలో బాగా తిట్లు తిన్నవాడు నైజెల్ హోమ్స్, టైమ్ మ్యాగజైన్‌కి గ్రాఫిక్స్ వేసేవాడు. 1982లో వజ్రాల ధరల గ్రాఫు గీతని ఒకమ్మాయి కాలు వంపు మీదుగా నడిపించాడు, చూసి టఫ్టీకి ఒళ్ళు మండిపోయింది. నాకూ ఆ బొమ్మ నచ్చదు. కానీ 2010లో కెనడాలో సస్కచెవాన్ యూనివర్సిటీ వాళ్ళు హోమ్స్ చార్టులే తీసుకుని, అవే అంకెలతో సాదా చార్టులు కూడా చేసి జనానికి చూపించారు, అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా రాలేదు, రెండు మూడు వారాలాగి అడిగితే బొమ్మలున్నవే ఎక్కువ గుర్తున్నాయి. టెస్ట్ చేసింది 20 మందినే కాబట్టి వేదవాక్కు అనను, అయినా పేపర్ వాళ్ళు బొమ్మలు వదులుకోరు, వదులుకోవాల్సిన పనీ లేదు. పట్టుకోవాల్సింది బొమ్మ ఉందా లేదా అని కాదు, బొమ్మ సైజు ఏం చెబుతోంది అని.

దీనికి జవాబు వందేళ్ళ కిందటే దొరికింది. 1925లో వియన్నాలో ఒట్టో న్యూరాత్ అనే ఆయన సమాజం, ఆర్థిక వ్యవస్థ గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక మ్యూజియం పెట్టాడు, వచ్చేవాళ్ళలో కార్మికులే ఎక్కువ, పట్టికలు చూపిస్తే ఎవరు చదువుతారు? ఆయన పెట్టుకున్న రూలు ఒక్కటే, సంఖ్య పెరిగితే బొమ్మ పెద్దది అవ్వకూడదు, అదే సైజు బొమ్మలు ఎక్కువ అవ్వాలి. ఒక్కో మనిషి బొమ్మ ఇన్ని లక్షల మంది అనుకుంటే, రెండింతల జనానికి రెండింతల మనుషులు వరసలో నిలబడతారు, అంతే. ఈ పద్ధతికే తర్వాత ఐసోటైప్ అని పేరొచ్చింది. మీ మూటలు కూడా ఇలా వేసి ఉంటే, ఒక్కో మూట పదివేల కోట్లు అని పైన రాసి వరసగా పేర్చేస్తే, బొమ్మ అందం పోదు, లెక్కా తప్పదు, పిల్లలు కూడా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు.

న్యూరాత్ దగ్గర ఇంకో సంగతి మీ ఆఫీసుకి పనికొస్తుంది. బొమ్మలు గీసింది గెర్డ్ ఆర్న్ట్స్ అనే ఆర్టిస్ట్, కానీ లెక్కలవాళ్ళకీ ఆర్టిస్టుకీ మధ్యలో మారీ రైడెమైస్టర్ అనే ఆవిడ ఉండేది (తర్వాత న్యూరాత్‌ని పెళ్ళి చేసుకుంది). ఈ అంకెల్లో జనానికి తెలియాల్సింది ఏంటి, ఏది దేనితో పోల్చాలి, దాన్ని ఎలా అమర్చాలి అని తేల్చి రఫ్ గీసివ్వడమే ఆవిడ పని. మన పేపర్లలో రిపోర్టర్ రాత్రి పొద్దుపోయాక అంకెలు పంపిస్తే డిజైనర్ కుర్రాడు ఎడిషన్ టైముకి ఏదో ఒకటి కూర్చేస్తున్నాడేమో అని నా అనుమానం, తప్పు అతనిది కాదు, మధ్యలో అడిగే మనిషి లేకపోవడమే.

ఇంకో విషయం, నిలువు కడ్డీల గ్రాఫు సున్నా నుంచి మొదలవ్వాలి. ఇంటర్ ఫలితాల్లో పోయినేడు 60 శాతం, ఈ ఏడు 62 అనుకోండి, అడుగున 58 నుంచి మొదలుపెడితే ఒక కడ్డీ ఇంకోదానికి రెండింతలు కనబడుతుంది, ప్రిన్సిపాళ్ళు సంబరపడతారు. కడ్డీలో కన్ను చూసేది పొడవునే కదా. గీత గ్రాఫుకి మాత్రం ఈ రూలు లేదు, ఎందుకంటే అక్కడ చూసేది ఎక్కడం దిగడం. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం సున్నా నుంచి వేస్తే ఎవడికీ ఉపయోగం లేదు. 30 అడుగుల నుంచి మొదలుపెట్టి 43, 48, 53 దగ్గర అడ్డంగా మూడు హెచ్చరిక గీతలు గీయండి, 2022 జులైలో 71.3 అడుగులు, 1986లో 75.6 అడుగులు వచ్చాయని పైన చిన్న గుర్తులు పెట్టండి, వరద టైములో రోజూ అదే గ్రాఫు వేస్తే నదికి దగ్గర్లో ఉన్నవాళ్ళకి మొదటి పేజీ వార్త కంటే అదే పనికొస్తుంది.

ఎన్నికల మ్యాపుల సంగతి సరేసరి. 2023 తెలంగాణ ఫలితాల్లో మజ్లిస్‌కి 7 సీట్లు వచ్చాయి, ఏడూ హైదరాబాద్‌లోనే, మామూలు మ్యాపులో వేస్తే అదంతా కలిపి ఒక చుక్క. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లే, కానీ అందులో 15 నియోజకవర్గాలు, ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కి అక్కడ ఒక్కటీ రాలేదు, మ్యాపులో చూస్తే ఆ సంగతి తెలియనే తెలియదు. ములుగు లాంటి అడవి ప్రాంతపు సీటు ఒక్కటే అంత మేర రంగు పరుచుకుని కూర్చుంటుంది, ఎమ్మెల్యే మాత్రం అక్కడా ఒక్కరే. 119 సీట్లకి 119 ఒకే సైజు గడులు వేసి, ఉత్తరం వాటిని పైన, దక్షిణం వాటిని కింద అమర్చే పద్ధతి ఉంది, విదేశీ పేపర్లు ఎప్పట్నుంచో వేస్తున్నాయి. మొదట్లో మా ఊరు ఎక్కడా అని వెతుక్కుంటారు, నిజమే, అందుకని మామూలు మ్యాపు కూడా పక్కన చిన్నగా పెట్టండి.

చివరగా రంగులు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు తక్కువేం లేరు, మీరేమో పెరిగినవి ఆకుపచ్చ, తగ్గినవి ఎరుపు అని ఊరుకుంటున్నారు. పైగా రంగుల్లో తయారైన గ్రాఫు ఒక్కోసారి బ్లాక్ అండ్ వైట్ పేజీలో పడుతుంది, అప్పుడు అయిదు రంగులూ ఒకటే బూడిదరంగు, కింద ఏ రంగు ఏదో చెప్పే డబ్బా ఉన్నా లేనట్టే. ఆ డబ్బా తీసేసి ఏ గీత పేరు ఆ గీత చివర్లోనే రాసేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్,
హనుమకొండ