జామీనుకు జిల్లా సరిహద్దులా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. రాజ్యాంగ న్యాయస్థానాలు ప్రాథమిక హక్కులను ఎంతవరకు కాపాడుతున్నాయన్న చర్చ పత్రికల్లో సాధారణంగా సుప్రీంకోర్టు, హైకోర్టుల పెద్ద తీర్పుల చుట్టూనే తిరుగుతుంది. ఆ తీర్పులు చివరికి చేరవలసిన చోటు, అంటే ఒక మేజిస్ట్రేటు కోర్టు వరండా, గత నెలలో నాకు దగ్గరగా చూడవలసి వచ్చింది.

శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాదుకు వచ్చి టైల్స్ పని చేసుకునే యువకుడొకరు మా వీధిలో అద్దెకుంటున్నాడు. పనిచోట జరిగిన గొడవలో కేసు నమోదై రిమాండుకు వెళ్లాడు. పది రోజులకు బెయిలు మంజూరైంది. చెరి పది వేల రూపాయలకు ఇద్దరు జామీనుదారులు కావాలని, వారు స్థానికులై ఉండాలని షరతు. అతని భార్య ఆ రాత్రే రైలెక్కి ఊరికి వెళ్లి, మామగారిని, ఆయన పేరనున్న ఎకరన్నర భూమి పట్టాదారు పాసుపుస్తకాన్ని వెంటబెట్టుకొని వచ్చింది. పాలిథీన్ కవరులో భద్రంగా చుట్టి తెచ్చిన ఆ పుస్తకాన్ని మొదటి పేజీ దాటి తిప్పకుండానే, వేరే రాష్ట్రం భూమి చెల్లదని తిరిగి ఇచ్చేశారు. ‘లోకల్ షూరిటీలు కావాలమ్మా’ అన్నారు. రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి, సాల్వెన్సీ సర్టిఫికెట్ల (ఆస్తి స్థోమత ధ్రువపత్రాల) కోసం లెక్కలేనన్ని విచారణ నివేదికలు రాసినవాణ్ణి నేను. మనిషి పారిపోవచ్చు గాని భూమి ఎక్కడికీ పారిపోదు. ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో సర్వే నంబరు కొడితే ఆ ఎకరన్నర అడంగల్, అంటే సాగు వివరాల రికార్డు, ఆ వరండాలోనే కనిపించేది. చివరికి నేనూ, వారి ఇంటి యజమానీ ఇంటిపన్ను రసీదులు పట్టుకొని నిలబడితే, బెయిలు వచ్చిన పంతొమ్మిదో రోజున అతను బయటికి వచ్చాడు. ఈలోగా డబ్బు తీసుకొని జామీను నిలబడతామని మా దగ్గరికి వచ్చినవారూ ఉన్నారు. ఈ షరతు వల్ల నిజంగా లాభపడుతున్నది వారేనేమో.

ఇది చట్టపరంగా తేలని విషయమైతే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆ తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చినా, కింది కోర్టు పది వేల రూపాయల జామీను అడిగింది, సోదరుడు ముందుకొస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతును కొట్టివేసి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయమంటూ, బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో చాందినీచౌక్‌లోనో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారులను ఎక్కడినుంచి తెస్తాడని అడిగారు. ఆయన ఊహించిన ఆ తెలుగువాడికి ఇప్పుడు తెలుగు నేల మీదే అదే గతి పట్టింది.

2022 రాజ్యాంగ దినోత్సవాన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి మాట్లాడిన తర్వాత, బెయిలు వచ్చినా విడుదల కానివారి వివరాలను సుప్రీంకోర్టు రాష్ట్రాల నుంచి అడిగింది. 2023 జనవరి 31న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, బెయిలు ఉత్తర్వును అదే రోజు గాని మర్నాడు గాని జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి ఈమెయిలులో పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు, పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోగా పూచీకత్తు సమర్పించకపోతే కోర్టే తనంత తానుగా షరతుల సడలింపును పరిశీలించవచ్చు. విడుదల ఆలస్యానికి స్థానిక జామీను పట్టుదల ఒక కారణమని కూడా అందులోనే స్పష్టంగా ఉంది. అయితే ‘పరిశీలించవచ్చు’ అన్నచోట ‘పరిశీలించాలి’ అని ఉంటే బాగుండేది. ‘వచ్చు’ అన్న మాట కింది స్థాయిలో ‘అక్కర్లేదు’గా ఎలా మారుతుందో ప్రభుత్వ ఉద్యోగం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉత్తర్వులు జైళ్లకు చేరడానికి ఇంకా పావురాల కోసం ఎదురుచూస్తున్నామా అని 2021లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ ఆవేదన చెందాక ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. ఉత్తర్వు క్షణంలో చేరుతోంది, మనిషే బయటికి రావడం లేదు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద విచారణ ఖైదీకి జామీను కోసం ఆర్థిక సాయానికి వీలుంది. మా వీధి కుటుంబానికి ఆ సంగతి చెప్పినవారు లేరు, నాకూ తర్వాతే తెలిసింది.

మేజిస్ట్రేట్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నిందితుడు పరారైతే సంజాయిషీ ఇచ్చుకోవలసింది వారే, పొరుగు రాష్ట్రం కాగితాలు సరిచూడటానికి సిబ్బందీ చాలరు. అందుకే ఈ బరువును హైకోర్టులు తీసుకోవాలి. రాజ్యాంగం 227వ అధికరణం వాటికి కింది కోర్టులపై పర్యవేక్షణాధికారం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు ఒకరి రాష్ట్రం పాసుపుస్తకాన్ని మరొకరి కోర్టులో అంగీకరించేలా పరిపాలనా ఉత్తర్వు ఇవ్వాలి. బెయిలు వచ్చి కూడా ఏడు రోజులు దాటి జైల్లో ఉన్నవారి సంఖ్యను జిల్లాలవారీగా నెలనెలా ప్రకటించాలి. బెయిలు ఉత్తర్వు కిందనే న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరును తెలుగులో అచ్చు వేయించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
హైదరాబాదు