నాలుగుసార్లు 'పరిష్కారమైన' మా బాబు సంగతి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్న నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. అది మా బాబు మానసిక వైద్యం కోసం నేను పెట్టిన నాలుగో అర్జీ. మొదటి మూడూ ఇలాగే పరిష్కారమయ్యాయి. మా బాబు మాత్రం అదే గదిలో, అదే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏం పరిష్కరించారో మీరైనా కనుక్కుని చెబుతారేమోనని ఈ ఉత్తరం.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మీకు తెలియనిది ఆస్పత్రిలో ఆ ఓపీ గది ముందున్న బెంచీ. నాకు బాగా తెలుసు.

పోయిన జూలైలో బాబు బడికి వెళ్ళనన్నాడు. బద్ధకమనుకుని నేనే రెండు దెబ్బలు వేశాను, ఆ బాధ నాతోనే ఉంటుంది. తర్వాత తిండి తగ్గింది, నిద్ర తగ్గింది. పిల్లల డాక్టరు చూసి, మానసిక విభాగం వాళ్ళకు చూపించమని చీటీ రాశారు. అక్కడ పిల్లల ఓపీ వారానికి ఒక్క రోజే. తేదీ అక్టోబర్‌లో ఇచ్చారు. ఆ రోజు వాడిని గడప దాటించడానికి ముందు రెండు రోజులు బతిమాలాను. ఏడింటికి లైన్లో నిలబడ్డాం. పదకొండింటికి చెప్పారు, డాక్టరు గారు క్యాంపుకు వెళ్ళారని. ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా? చీటీ మీద నా నంబరు ఉంది. పరిష్కారమైందని మెసేజ్ పంపడానికి పనికొచ్చిన నంబరే అది.

జనవరిలో డాక్టరు గారు ఉన్నారు. ఉన్న మాట చెప్పాలి, మంచావిడ. కానీ బయట జనం కిక్కిరిసి ఉన్నారు, మాకు ఐదు నిమిషాలు దొరికాయి. నోరు తెరవని పిల్లాడితో ఐదు నిమిషాల్లో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? సైకాలజిస్టు దగ్గర పరీక్షలు అయ్యాక మందులా, కౌన్సెలింగా అన్నది చూద్దామన్నారు. సైకాలజిస్టు గదికి తాళం. పోస్టు ఖాళీ. పక్క జిల్లా నుంచి నెలకు రెండుసార్లు ఒకాయన వస్తారట. ఏప్రిల్‌లో రమ్మన్నారు. ఏప్రిల్‌లో ఆయన రాలేదు. ఇప్పుడు జూన్ 19 అంటున్నారు.

మనం తేదీ కోసం ఆగితే రోగం కూడా మనతో పాటు ఆగుతుందని మీ శాఖలో అనుకుంటున్నారేమో. జూలైలో వాడు బడి ఒక్కటే వద్దన్నాడు. అక్టోబర్ తర్వాత వీధిలోకి రావడం మానేశాడు. జనవరి తర్వాత చెల్లెలితో మాట మానేశాడు. ఇప్పుడు రాత్రిళ్ళు నేను నిద్రపోవడం మానేశాను, ఎందుకో ఇక్కడ రాయలేను. మానసిక జబ్బుల్లో మూడో వంతు పద్నాలుగేళ్ళ లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా బాబుకు మార్చిలో పద్నాలుగు నిండాయి. లైన్లోనే నిండాయి.

హాజరు తక్కువైంది, డాక్టరు సర్టిఫికెట్ తెమ్మని బడిలో అంటారు. పరీక్షలు కాకుండా సర్టిఫికెట్ ఎలా ఇస్తామని ఆస్పత్రిలో అంటారు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. మధ్యలో వాడి ఎనిమిదో తరగతి పోయింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఫోన్‌లో చదివాను. పిల్లలకు మానసిక వైద్య సేవలు ఉండాలని అందులో ఉంది. జిల్లాలో ఆ సేవ లేకపోతే జిల్లాలోనే ఇంకోచోట చూపించుకోవచ్చని, ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలని కూడా ఉంది. కౌంటర్లో చూపించాను. 'అది చట్టం అమ్మా, ఇది ఆస్పత్రి' అన్నారు. నవ్వొచ్చింది, నిజంగా.

మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే 14416 టెలీమానస్ పెట్టారు, మంచిదే. కానీ ఇంట్లోనే మాట్లాడని వాడు ఫోన్‌లో ఏం మాట్లాడతాడు? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైందట. అప్పటికి నేనే చిన్నపిల్లను. ఇప్పుడు నా కొడుకు బెంచీ మీద కూర్చున్నాడు. వాడి పిల్లల దాకా రానివ్వకండి.

ఆ పోస్టు నింపండి. నింపేదాకా బయట చూపించుకోనివ్వండి. డాక్టరు రాని రోజు ముందే చెప్పండి. లైన్లో మేము ఎన్నో వాళ్ళమో చెప్పండి. పిల్లల్ని నెల లోపు చూసే ఏర్పాటు ఏదో ఒకటి చేయండి, ఎలా చేస్తారో నాకు తెలియదు, అది మీ పని. ముఖ్యంగా ఆ పోస్టు నింపండి. దయచేసి ఈ ఉత్తరాన్ని మాత్రం పరిష్కరించకండి.

జూన్ 19న వాడిని మళ్ళీ బతిమాలి తీసుకురావాలి. ఈసారి వస్తాడో రాడో. వస్తే, ఆ గది తాళం తీసి ఉంటుందా? ముందు అదొక్కటి చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి