పాత కొయ్య సామాను కొలతలకు మీ పత్రికలో చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పదవీ విరమణ తరువాత పొద్దుపుచ్చడం ఎలా అన్న విషయమై మీ ఉత్తరాల పేజీలో పాఠకులు కొంతకాలంగా రాస్తున్నారు. నడక గురించి, భజన గురించి, మనవల చదువుల గురించి చాలామంది రాశారు గాని చేతిపని ప్రస్తావన ఎక్కడా కనబడలేదు. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. 2018 నుంచి కొయ్య చెక్కుతున్నాను. చెక్కినవన్నీ ఎవరో ఒకరికి ఇవ్వడానికే చెక్కాను. ఆ అనుభవం చెప్పి, చివర మీకు ఒక విన్నపం చేసుకుంటాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఉద్దానం వారికి, మా జిల్లా వారికి చెప్పనక్కరలేదు. ఆ తెల్లవారుజామున మా పెరట్లో మా నాన్నగారు నాటిన పనస చెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. కట్టెల బేరగాడు మర్నాడే వచ్చాడు. కొమ్మలు ఇచ్చేశాను గాని మొదలు దుంగను మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణను పనస దుంగ తొలిచే చేస్తారని చిన్నప్పటి నుంచి వింటున్నవాణ్ణి, ఆ కర్రను పొయ్యిలో పెట్టడం నావల్ల కాలేదు. అయితే దాన్ని ఎలా దాచాలో తెలియక వాకిట్లో ఎండలో పడేశాను. రెండు నెలలు తిరగకుండానే రెండు కొసల నుంచీ లోపలికి వేలు దూరేటంత పగుళ్ళు పడ్డాయి. మా వీధి చివర పని చేసుకునే వడ్రంగి అది చూసి, "కొసలు మూయకుండా ఎండలో పడేస్తే పగలక ఏం చేస్తుంది మాష్టారూ?" అన్నాడు. పచ్చి కర్రలోని తడి పక్కల నుంచి కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుందట. అందువల్ల కొసలు ముందు ఆరి కుంచించుకుపోతాయి, లోపలి భాగం ఇంకా తడిగానే ఉంటుంది, ఆ లాగులాటలో కర్ర చీలిపోతుంది. కొసలకు కరిగించిన మైనం గాని, మిగిలిపోయిన పెయింటు గాని పూసి, పలకలుగా కోయించి, పలకకూ పలకకూ నడుమ సన్నని బద్దలు పెట్టి, గాలి ఆడే నీడలో దొంతర పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలన్నది పనివాళ్ళ లెక్క. పగిలిన కొసలు కోసి పారేయగా మిగిలిన పలకలను అలాగే పేర్చి, ఏడాదిన్నర ఆగాను.

ఆ ఏడాదిన్నరా ఖాళీగా కూర్చోలేదు. ప్రతి ఆదివారం ఉదయం ఆ వడ్రంగి దగ్గరకు వెళ్ళి, పూట కూలి లెక్కగట్టి ఇచ్చి నేర్చుకున్నాను. మొదట్లో ఆయన డబ్బు తీసుకోనన్నాడు. కాని నాకు చెప్పే ఆ పూట ఆయనకు వేరే పని పోతుంది కదా! ఇది ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. పాఠం చెప్పినందుకు జీతం తీసుకున్నవాళ్ళమే, పనివాడి దగ్గరకు వెళ్ళేసరికి అది ఉచితంగా రావాలనుకుంటాం. మొదటి నెలంతా ఆయన నా చేత ఉలి నూరించాడు, చెక్క ముట్టనివ్వలేదు. మొద్దుబారిన ఉలికి బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, బలం పెట్టిన ఉలి జారుతుంది, జారిన ఉలి ఎడమచేతి మీదికే వస్తుంది. నా ఎడమ బొటనవేలి మీద ఉన్న మచ్చ ఆ మాట పెడచెవిని పెట్టిన రోజుది.

నేను మొదట పూర్తి చేసిన వస్తువు వామనగుంటల పీట. మా పక్కింటి మామ్మగారికి ఎనభై దాటాయి. ఆవిడ అత్తవారింట ఉన్న పాత పీట చెదపట్టి పోయిందని, తరువాత నేల మీద సుద్దతో గీసుకుని ఆడేవారమని, ఇప్పుడు నేల మీద కూర్చోలేకపోతున్నానని ఒకసారి అన్నారు. 18 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న పనస పలక మీద వరుసకు 7 చొప్పున 14 గుంటలు గీసుకుని, వంపు ఉలితో తొలవడం మొదలుపెట్టాను. కర్రకు నార ఉంటుందని అంతకుముందు మాటగా విన్నానే గాని, దాన్ని చేతితో తెలుసుకున్నది ఆ గుంటల్లోనే. గుంట అంచు నుంచి అడుగుకు దిగేటప్పుడు ఉలి మెత్తగా, చుట్ట చుట్టుకున్న పొట్టు తీస్తూ పోతుంది. అదే ఊపున అడుగు దాటి అవతలి అంచుకు ఎక్కించామా, నారకు ఎదురుపడి ముక్క ముక్కగా పెచ్చు లేస్తుంది. కనుక ఈ అంచు నుంచి సగం, ఆ అంచు నుంచి సగం దిగి, అడుగున రెండూ కలిసేలా తొలవాలి. మూడో గుంటలో ఈ సంగతి మరిచిపోయి రెండు గుంటల నడిమి గోడ పెచ్చు లేపాను. ఫెవికాల్‌తో అతికించాను గాని అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

పీట తీసుకెళ్ళి ఇస్తే మామ్మగారు ఆ అతుకును పట్టించుకోలేదు. చింతగింజలు పోసి, ఒక గుంటలోంచి తీయబోయి ఆగి, "అంచు నిటారుగా ఉంది నాయనా, నా వేళ్ళకు గింజలు అందడం లేదు" అన్నారు. గుంటలు లోతుగా, అంచులు తీరుగా ఉండాలని నేను పడ్డ పాటంతా నా కంటికి నచ్చడం కోసమేనని అప్పుడు తెలిసింది. పీట వెనక్కి తెచ్చి, ఆవిడ చేయి వచ్చే వైపున అంచులన్నీ ఏటవాలుగా దించడానికి మరి నాలుగు రోజులు పట్టింది. అందుకే కొత్తగా నేర్చుకునేవారితో ఏనుగు బొమ్మలూ నెమలి బొమ్మలూ మొదలుపెట్టవద్దని, ముందు ఎవరికి చేస్తున్నారో ఆ మనిషి చేయి చూడమని చెబుతాను. వేళ్ళ కీళ్ళు వాచినవారికి పప్పుగుత్తి పిడి సన్నగా ఉంటే పట్టు దొరకదు, లావుగా, కోడిగుడ్డు వాటంగా ఉండాలి. ఎడమచేతి వాటం ఉన్నవారికి అట్లకాడ అంచు రెండో పక్కకు వాలాలి. బజారులో దొరికే వస్తువు అందరికీ ఒకే కొలతలో వస్తుంది. ఇటువంటివి మనం చేసి ఇస్తేనే ఉంటాయి.

వంటింటి సామాను చేసేవారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. పెరట్లో విరిగిన ప్రతి కొమ్మా గరిటెకు పనికిరాదు. గన్నేరు కర్ర విషం, దానిని తాకనే వద్దు. పనస, మామిడి, చింత, వేప వంటివి చాలు, వేపకు కొన్నాళ్ళు చేదు వాసన ఉంటుంది. ఒక దుకాణంలో వంట సామానుకు కూడా పనికొస్తుందని చెప్పి నాకు మామూలు వార్నిష్ అంటగట్టారు. వేడి పులుసులో అది పొరలుగా లేచింది. అప్పటి నుంచి గరిటెలకు అవిసె నూనె పట్టించి, కొన్నాళ్ళు ఆరబెట్టి ఇస్తున్నాను. ఇక గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మానవద్దు. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే ప్రకటించింది.

ఒక విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. అభిరుచిగా చెక్కే మనబోటి పింఛనుదారులు ఏటికొప్పాక లక్కబొమ్మలకో, కొండపల్లి బొమ్మలకో నకళ్ళు చేసి చౌకగా అమ్మకూడదు. అంకుడు కర్ర మీద లక్క పట్టించే ఏటికొప్పాక పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలు అతికే కొండపల్లి పని తరతరాలుగా కొన్ని కుటుంబాల బతుకు. మా పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసేవారి చేతి నైపుణ్యం దేశమంతా ఎరిగినదే, అయినా ఆ పని మీద ఇల్లు గడవడం ఎంత కష్టమో మేము కళ్ళారా చూస్తున్నాం. పింఛను వచ్చేవాడు సరదాకు చేసి సగం ధరకు అమ్మితే వారి పొట్ట కొట్టినట్టే. వారి బొమ్మ కావాలంటే వారి దగ్గర కొనుక్కోవాలి. మనం చేయవలసినవి ఎవరూ చేయడం మానేసినవి.

అటువంటివి ఏమిటన్న దగ్గరే నాకు మీ సాయం కావాలి. కవ్వం, పప్పుగుత్తి, అరిసెలు వత్తే చెక్క, కొయ్య మరిగ, కుంచం, తెడ్డు, ఊయల గొలుసుకు వేసే కొయ్య చిలకలు, ఇవన్నీ ఇరవై ఏళ్ళ కిందటి దాకా ఇళ్ళలో ఉండేవి. ఇప్పుడు ఇల్లు పడగొట్టి కట్టినప్పుడల్లా ఇవి కట్టెలలో కలిసిపోతున్నాయి. వస్తువు పోతే కొలత పోతుంది. అరిసెల చెక్కల జత ఒకటి చేసి పెట్టమని మా బంధువుల అమ్మాయి అడిగితే, పిడి ఎంత పొడవుండాలో చూడడానికి పాత జత ఒక్కటి దొరకక పాతపట్నం దాకా తిరిగాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊరి బడిలో పాఠాలు చెబుతూనే, సవర గిరిజనుల నోట విన్న మాటలు ఒక్కొక్కటీ పోగుచేసి ఆ భాషకు నిఘంటువు కూర్చారు. అంత పెద్ద పని నేను అడగడం లేదు. వారానికి ఒకసారి మీ పేజీలో అరచేతి మందం చోటు కేటాయించి, పాఠకుల ఇళ్ళలో మిగిలిన పాత కొయ్య వస్తువు ఒకదాని ఫొటో, పొడవు వెడల్పులు, ఏ కర్రతో చేశారో ఆ పేరు, వారి ఊళ్ళో దాన్ని ఏమంటారో ఆ మాట అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. శ్రీకాకుళం వైపు ఒక పేరు, రాయగడ వైపు మరొక పేరు ఉంటే రెండూ వేయండి. మొదటి వారానికి పనికివస్తాయని వామనగుంటల పీట కొలతలు, మామ్మగారి కోసం మార్చిన అంచుల వాలుతో సహా గీసి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.