మైదానంలో ఆడపిల్లల చోటు: తల్లిదండ్రులకు ఆగస్టు నెల లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారాలు.

ఈ నెల 29న జాతీయ క్రీడా దినోత్సవం. హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ పుట్టినరోజున దేశమంతటా జరిగే ఈ వేడుకను మన పాఠశాలలోనూ ఏటా జరుపుకొంటున్నాం. ఈసారి ఆ రోజును, తమకు ముందు ఏ స్త్రీ అడుగుపెట్టని చోట అడుగుపెట్టిన క్రీడాకారిణులకు కేటాయించాలని ఉపాధ్యాయులమంతా కలిసి అనుకున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థినులు తలా ఒక క్రీడాకారిణి గురించి చదివి, ఆమె బొమ్మతో, వివరాలతో గోడపత్రిక తయారుచేస్తున్నారు. దాన్ని చూడడానికి మిమ్మల్ని ఆహ్వానించడం ఈ లేఖ రాయడానికి ఒక కారణం. రెండో కారణం, ఆరు, ఏడు తరగతుల్లో ఖోఖోలో, కబడ్డీలో అబ్బాయిలతో సమానంగా కనిపించే మన ఆడపిల్లలు ఎనిమిదో తరగతి దాటగానే మైదానంలో ఎందుకు కనబడడం లేదో మీతో మనసు విప్పి మాట్లాడాలనుకోవడం.

ముందుగా మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు గురించే చెబుతాను. కరణం మల్లీశ్వరి పేరు తెలియనివారు మీలో ఉండరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో, పన్నెండేళ్ల వయసులో, నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణలో బరువులెత్తడం నేర్చుకున్న ఆమె, 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి దక్కిన పతకం అదొక్కటే. ఇంతవరకు పోటీ పరీక్షలకు చదివే పిల్లలందరికీ కంఠోపాఠమే. అయితే మా విద్యార్థినులు సేకరించి తెచ్చిన వివరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది సిడ్నీ కాదు, అంతకు నాలుగేళ్ల ముందు జరిగిన అట్లాంటా ఒలింపిక్స్.

మల్లీశ్వరి 1994లో ఇస్తాంబుల్‌లోనూ, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1996 నాటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. వరుసగా రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచిన లిఫ్టర్, మంచి వయసులో ఉన్న లిఫ్టర్, అట్లాంటా ఒలింపిక్స్‌లో లేరు. అర్హత పోటీల్లో ఓడిపోయి కాదు, గాయమై కాదు. ఆడవారికి ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీయే అప్పటికి లేదు. మగవారికి 1896 నాటి మొట్టమొదటి ఒలింపిక్స్‌లోనే ఉన్న ఈ క్రీడ, ఆడవారికి 2000లో గాని రాలేదు. ఆ అవకాశం వచ్చేసరికి మల్లీశ్వరికి ఇరవై అయిదేళ్లు నిండాయి, బరువు విభాగం కూడా మారింది. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం గెలిచిన ఆమె, సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల విభాగంలో నిలబడవలసి వచ్చింది. ఆమెను జట్టులోకి తీసుకున్నందుకు విమర్శించినవారూ అప్పట్లో లేకపోలేదు.

సిడ్నీలో ఆ రోజు ఆమె, ఒకే ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తారు. 130 కిలోలంటే మన కళ్లాల్లో కట్టే 80 కిలోల ధాన్యం బస్తాలు ఒకటిన్నర కన్నా ఎక్కువే. అంత బరువును నేల మీద నుంచి భుజాల దాకా, అక్కడి నుంచి తల మీదికి లేపి, చేతులు వంగకుండా, కాళ్లు తడబడకుండా నిలపాలి. చివరి ప్రయత్నానికి ఆమె ఏకంగా 137.5 కిలోలు పెట్టించుకున్నారు. అది ఎత్తి ఉంటే స్వర్ణం ఆమెదే, కాని ఆ బరువు నిలవలేదు. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన చైనా, హంగరీ లిఫ్టర్లు ఎత్తినది చెరి 242.5 కిలోలు, తేడా రెండున్నర కిలోలే. కాస్త తక్కువ బరువు అడిగి ఉంటే సరిపోయేదని లెక్కలు వేసేవారు ఇప్పటికీ ఉన్నారు. పతకం చేతికందే దూరంలో ఉన్నప్పుడు కూడా అందరికన్నా పై మెట్టుకే గురిపెట్టిన ఆ తెగింపు నాకైతే పతకం కన్నా పెద్దదిగా తోస్తుంది. ఇదే మల్లీశ్వరిని చిన్నతనంలో సన్నగా ఉందని మొదట చేర్చుకోలేదని, అప్పుడు తల్లి పక్కన నిలబడి ధైర్యం చెప్పారని ఆమె జీవితం గురించి రాసినవారు చెబుతుంటారు. ఈ లేఖ చదువుతున్న తల్లులు ఆ మాటను ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

ఆడవారికి చేతకాదన్న మాట ముందు పుట్టి, దానికి రుజువులు తరవాత వెతికిన సందర్భాలు క్రీడల చరిత్రలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మా తొమ్మిదో తరగతి పిల్లలకు బాగా కోపం తెప్పించింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవారికి పరుగు పందేలు పెట్టారు. 800 మీటర్ల పరుగులో జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచారు. రెండో స్థానంలో నిలిచిన జపాన్ యువతి హితోమి కినుయె, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి ఆసియా మహిళ. ఫైనల్లో పరుగెత్తిన తొమ్మిది మందీ పరుగు పూర్తిచేశారు. కాని మరునాటి పత్రికల్లో కొన్ని, ఆడవాళ్లు దారిలోనే కుప్పకూలిపోయారని, ఇంత దూరం పరుగు స్త్రీ శరీరానికి పనికిరాదని రాశాయి. ఆ రాతల ఫలితంగా 800 మీటర్ల పరుగును ఆడవారికి తీసివేశారు. మళ్లీ అది ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1960లో. ముప్ఫై రెండేళ్లలో ఎంతమంది అమ్మాయిలకు పరుగెత్తే వయసు దాటిపోయి ఉంటుందో ఊహించుకోవలసిందే. ఈ కథ చదివి వినిపించిన అమ్మాయి కాగితం మడిచి, "మరి అబ్బాయిలు గీత దాటాక పడిపోతే పాపం అలసిపోయాడంటారు కదా మేడమ్, అమ్మాయి పడితే పందెమే తీసేస్తారా?" అని అడిగింది. తరగతిలో ఎవరూ జవాబు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆడవారికి మారథాన్ పరుగు ఒలింపిక్స్‌లోకి రావడానికి 1984 దాకా ఆగవలసి వచ్చిందని మాత్రం బోర్డు మీద రాశాను.

మన దేశం నుంచి 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లిన నీలిమా ఘోష్, మేరీ డిసౌజా పరుగు పందేల్లోనూ, ఆరతీ సాహా ఈతలోనూ పాల్గొన్నారు. అదే ఆరతీ సాహా 1959లో ఇంగ్లిష్ ఛానల్ ఈదబోయి మొదటిసారి విఫలమై, నెల తిరిగేసరికి మళ్లీ నీళ్లలోకి దిగి, సెప్టెంబరు 29న 16 గంటల 20 నిమిషాల్లో ఆవలి ఒడ్డు చేరారు. ఆసియా ఖండంలో ఏ మహిళా అంతకుముందు చేయని పని అది. ఇక 1984 లాస్ ఏంజెలెస్ సంగతి మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆడవారికి 400 మీటర్ల హర్డిల్స్, అంటే అడ్డంకుల మీదుగా దూకుతూ పరుగెత్తే పందెం, పెట్టిన తొలి ఒలింపిక్స్ అది. మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవకిల్ స్వర్ణం గెలిచి, ఆఫ్రికా ఖండపు ముస్లిం దేశాల ఆడపిల్లలకు కొత్త దారి చూపారు. అదే పందెంలో మన పి.టి. ఉష 55.42 సెకన్లతో నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్యం గెలిచిన రుమేనియా క్రీడాకారిణి సమయం 55.41. సెకనులో నూరో వంతు. అక్కడి తిండి తనకు పడక, గంజిలో ఊరగాయ నంజుకుని పరుగెత్తవలసి వచ్చిందని, ఆ నీరసం చివరి మీటర్లలో బయటపడిందని ఉష తరవాత చెప్పుకున్నారు. మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు పక్కన పెట్టేసే పిల్లలకు నేను ఈ మధ్య ఈ సంగతే చెబుతున్నాను. ఇంటి దగ్గర గుడ్డును, పాలను ముందు మగపిల్లవాడికి పెట్టి మిగిలితే ఆడపిల్లకు పెట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే, అది ఈరోజే మానాలని కూడా చెప్పక తప్పదు.

దూరపు కథలెందుకు, మన చుట్టుపక్కలే చూద్దాం. బలం అనగానే ఉత్తరాంధ్రలో వందేళ్లుగా వినిపించే పేరు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిది; శ్రీకాకుళం స్టేడియం కూడా ఆయన పేరునే ఉంది, ఉండడం న్యాయం కూడా. సంక్రాంతికి మన ఊళ్లలో సంగిడీలు ఎత్తే పోటీలు పెడతారు. చుట్టూ నిలబడి కేకలు వేసేవారిలో ఆడపిల్లలు కనిపిస్తారు గాని, రాయి మీద చెయ్యి వేసేవారిలో కనిపించరు. అలాంటి ప్రాంతంలోనే, విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి ఎందరో వెయిట్‌లిఫ్టర్లు, వారిలో అమ్మాయిలూ తయారయ్యారు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పోటీపడి కాంస్యం అందుకున్నారు. స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి నిషేధిత మందులను పట్టే డోపింగ్ పరీక్షలో పట్టుబడడంతో ఆ కాంస్యం రజతమైంది. మన పొరుగున విశాఖపట్నంలో పెరిగిన జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించి ఆసియా విజేత అయ్యారు, 2024లో పారిస్‌లో ఆ పోటీలో పాల్గొన్న తొలి భారతీయ మహిళగా ఒలింపిక్స్‌లో నిలబడ్డారు. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డుగా పనిచేశారు. వీరెవరూ సిరిసంపదల్లో పుట్టి పెరిగినవారు కారు.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. మండల స్థాయి పోటీలకు పంపడానికి అంగీకార పత్రాలు ఇచ్చినప్పుడు అబ్బాయిల పత్రాలు మరునాడే తిరిగి వస్తాయి. అమ్మాయిల పత్రాల్లో కొన్ని అసలు రావు. ఒక పత్రంలో సంతకం చేయవలసిన గీత మీద "చదువు పాడవుతుంది" అని రాసి ఉంది. ఆ అమ్మాయి తరగతిలో చదువులోనూ ముందే ఉంది, కబడ్డీలో కూతకు వెళితే ఇద్దరిని అవుట్ చేయకుండా తిరిగి రాదు. ఇప్పుడు ఆటల పిరియడ్‌లో నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చుని, తన చెల్లెలి వయసు పిల్లలు చున్నీలు నడుముకు బిగించి ఆడుతుంటే పాయింట్లు లెక్కపెడుతోంది.

మీరు చెప్పే కారణాలు నేను విన్నాను, వాటిని కొట్టిపారేయడం లేదు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఒంటరిగా రావడం ఎవరికైనా భయమే. అందుకే సాయంత్రం సాధనను అయిదుంబావుకు ముగించేటట్టు, ఒకే ఊరి పిల్లలు జట్టుగా కలిసి వెళ్లేటట్టు, చివరి అమ్మాయి గేటు దాటేదాకా ఒక ఉపాధ్యాయురాలు ఉండేటట్టు ఏర్పాటు చేశాం. ఆడేటప్పుడు ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు వేసుకోవచ్చు. బట్టల విషయంలో ఏ అమ్మాయినీ ఇబ్బంది పెట్టం. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఒంట్లో బాగును బట్టి ఆమె ఇష్టం. ఆడకపోతే కారణం అడగం, ఆడతానంటే ఆపం. ఎండకు నల్లబడిపోతుందన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అదే ఎండలో వరినాట్లకు వెళ్లేటప్పుడు ఆ దిగులు ఎవరికీ రావడం లేదు. కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్లెలా అని అడిగిన పెద్దలతో నేను ఎదురుగా కూర్చుని మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నాను; పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి ఊసెందుకన్నది నా మొదటి ప్రశ్న అవుతుంది.

క్రీడల కోటాలో సీటు, ఉద్యోగం వస్తాయని ఆశపెట్టి పంపమని అడగడం నాకిష్టం లేదు. అవి కొందరికి వస్తాయి, చాలామందికి రావు. పరుగెత్తడం, దూకడం, గెలవడం, ఓడి మరునాడు మళ్లీ రావడం పిల్లలందరికీ కావాలి, అందులో ఆడపిల్లలకు మినహాయింపు ఉండకూడదు. అంతే నా వాదన. పదో తరగతి విద్యార్థినులకు పరీక్షల ముందు మూడు నెలలు సాధన తగ్గిస్తాం, పూర్తిగా మానిపించం.

ఆగస్టు 29న ఉదయం ప్రార్థన తరవాత కార్యక్రమం మొదలవుతుంది. గోడపత్రిక వరండాలో ఉంటుంది. ప్రతి బొమ్మ దగ్గరా దాన్ని తయారుచేసిన అమ్మాయే నిలబడి వివరిస్తుంది కాబట్టి, దయచేసి తొందరపడకుండా ఆగి వినండి. మధ్యాహ్నం తల్లులకు తాడు లాగే పోటీ ఉంది. పేరు ముందుగా ఇవ్వనవసరం లేదు, వచ్చినవారందరినీ రెండు జట్లు చేస్తాం. తండ్రులు ఆ సమయంలో చిన్నపిల్లలను ఎత్తుకుని గట్టు మీద కూర్చోవచ్చు. ఈ లేఖతో పాటు అంగీకార పత్రం జతచేశాం. ఈసారి దానిలో తండ్రి సంతకంతో పాటు తల్లి సంతకానికి, విద్యార్థిని సంతకానికి కూడా చోటు ఉంచాం. మూడు సంతకాలూ చేసి వచ్చే సోమవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు పంపించండి. సంతకం చేయకూడదని నిర్ణయించుకున్నవారు పత్రాన్ని ఖాళీగానైనా తిరిగి పంపి, ఏదో ఒక సాయంత్రం బడికి వచ్చి నన్ను కలవవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ విధేయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు