ఎత్తని కాల్‌కి రెండు బిల్లులు

ఒరేయ్ తాబేలూ,

ముందు తిట్టేయ్. అయిందా? సరే. నీ ఉత్తరం అంది నెలన్నర దాటింది, ఈసారి ఆ బిరుదు నాకే ఇవ్వాలి. రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ... పోనీలే, నా సాకులు నీకు కొత్తా? ఇంట్లో అందరం కులాసా. చిన్నది అడుగులేస్తోంది, నాకు కళ్ళజోడు వచ్చింది, ఆఫీసు ఎప్పటి గోలే. ఇక అసలు సంగతికి వస్తా, కడుపు ఉబ్బిపోతోంది.

నేను విదేశం వెళ్ళినప్పుడు ఏడుసార్లు ఫోన్ చేశావు, గుర్తుందా? ఒక్కటీ ఎత్తలేదని అలిగావు కూడా. అది పొదుపురా! రోమింగ్‌లో మనకొచ్చే కాల్‌కి కూడా మన చేతే కట్టిస్తారని విన్నాను. అందుకే తెర మీద నీ పేరు వెలుగుతుంటే గుండె రాయి చేసుకుని చూస్తూ కూర్చున్నా. డేటా రోమింగ్ అయితే విమానం ఎక్కకముందే ఆపేశా. బిల్లు సున్నా అని మీసం మెలేశాను.

తిరిగొచ్చాక కొన్నాళ్ళు ఏమీ లేదు. అక్కడి నెట్‌వర్క్ తన లెక్కలు మన కంపెనీకి పంపాకే అవి మన బిల్లులోకి ఎక్కుతాయట. ఎక్కాయి. ఎక్కి కూర్చున్నాయి.

బిల్లు ముందేసుకుని వేలు పెట్టి ఒక్కో వరుసా చదివా. రాత్రి 10:41, ఇన్‌కమింగ్, మూడు నిమిషాలు. దాని కిందే రాత్రి 10:41, అవుట్‌గోయింగ్, మూడు నిమిషాలు. ఒక్క నోటితో రెండు ఫోన్లెలా మాట్లాడతానురా? పైగా ఆ టైముకి నా నోట్లో బ్రష్షుంది!

కస్టమర్ కేర్‌కి చేసి యుద్ధం మొదలుపెట్టా. ఆ అమ్మాయి చివరిదాకా విని ఒక్కటే అడిగింది: "ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కి వెళ్ళేలా పెట్టుకున్నారా సార్?" అదే, ఎత్తకపోతే చేసినవాడి మాటల్ని రికార్డు చేసి దాచిపెట్టేది. పెట్టుకున్నా. ఎప్పుడో పెట్టి మర్చిపోయా.

ఇదిగో జరిగింది. ఆ దేశంలో ఫోన్ ఆన్ చేయగానే అక్కడి నెట్‌వర్క్ 'ఫలానావాడు మా దగ్గరున్నాడు' అని మన నెట్‌వర్క్‌కి కబురు పెడుతుంది. నువ్వు నంబరు నొక్కితే కాల్ ముందు మన నెట్‌వర్క్‌కి వచ్చి, అక్కణ్ణుంచి సరిహద్దు దాటి నా దగ్గరికొస్తుంది. మోగింది, ఎత్తలేదు. వాయిస్‌మెయిల్ ఉన్నదేమో స్వదేశంలో. కాబట్టి అదే కాల్ మళ్ళీ వెనక్కి బయల్దేరింది. వెళ్ళినందుకు ఇన్‌కమింగ్, వచ్చినందుకు అవుట్‌గోయింగ్. రెండూ నా నెత్తినే! ట్రాంబోన్ అనే బాకా గొట్టం ముందుకెళ్ళి మడతపడి వెనక్కి వస్తుంది చూడు, అందుకని దీన్ని ట్రాంబోనింగ్ అంటారట. ఫోన్ స్విచాఫ్ చేసి పడుకునుంటే కాల్ దేశం దాటకుండానే వాయిస్‌మెయిల్‌కి పోయేదట. ఆన్‌లో ఉంచి ఎత్తకుండా కూర్చున్న నా తెలివికి దండెయ్.

యూరోపియన్ యూనియన్ వాళ్ళు ఈ దోపిడీ ముందే పసిగట్టారు. వాళ్ళ దేశాల మధ్య రోమింగ్‌లో ఉన్నవాడికి వాయిస్‌మెయిల్ వచ్చి పడినందుకు డబ్బు గుంజకూడదని 2010 జూలై 1 నుంచే అక్కడ నియమం. విని ఇంకా ఒళ్ళు మండింది.

అసలు ఆ మూడు నిమిషాలూ నువ్వేం చెప్పావో విన్నాను. ఏమీ చెప్పలేదు! కాల్ కట్ చేయకుండా జేబులో పడేశావు. బస్సు హారను, తాళాల గలగల, ఎవరితోనో చిల్లర పంచాయితీ. చివర్లో నీ కూనిరాగం. ఆ రాగమే. గొడుగు రోజు పాడి అందరినీ పారిపోయేలా చేసినదే. అంతర్జాతీయ ధరకి, రానూపోనూ!

కోపంతో చెరిపేద్దామని మళ్ళీ పెట్టా. మళ్ళీ విన్నా. ఇంకా చెరపలేదు. ఎందుకో... సరే వదిలేయ్.

నువ్వు వచ్చే నెల ప్రయాణం అన్నావు కదా. వెళ్ళేముందే ##002# కొట్టు, కాల్‌ని వాయిస్‌మెయిల్‌కో ఇంకో నంబరుకో మళ్ళించే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి. సిగ్నల్ ఉన్నప్పుడు ఇక్కడే కొట్టు, అక్కడ దిగాక కాదు. సరిహద్దు దగ్గర ఫోన్ ఒక్కోసారి పక్క దేశం టవర్ని పట్టుకుంటుంది, ఓడలో అయితే ఓడ నెట్‌వర్క్‌నే, అది ఇంకా...

అయ్యో, పోస్టు తీసే వేళైంది. ఓడ సంగతి వచ్చే ఉత్తరంలో. గొడుగు గురించి మీ ఆవిడకి ఇంకా చెప్పలేదు కదా? చెప్పకు, నేను

— కుందేలు