సీటు ఎన్ని అంగుళాలో టికెట్ మీద రాయించండి

సంపాదకులకు,

అయ్యా,

అమెరికా విమానాల్లో లావుగా ఉన్నవాళ్లు ఇక రెండు టికెట్లు కొనాల్సిందేనంటూ పది రోజుల కిందట మీ పత్రికలో ఒక చిన్న వార్త వచ్చింది. పక్కన పొట్ట వేలాడే మనిషి కార్టూన్ వేశారు. వార్తలో సగం విషయమే ఉంది, ఆ బొమ్మ అయితే అసలు వేయకూడనిది. మనిషి ఒంటిని చూసి నవ్వించడానికి పత్రిక అక్కర్లేదు. ఆ సీటు ఎన్ని అంగుళాలో అడగడానికి మాత్రం పత్రిక కావాలి.

ముందు మీరు రాయని ఆ సగం సంగతి. సౌత్‌వెస్ట్ అనే అమెరికా విమాన సంస్థలో చాలా ఏళ్లపాటు రెండో సీటు ముందే కొనుక్కుని ప్రయాణం అయ్యాక డబ్బు వాపసు తీసుకునేవారు. విమానాశ్రయంలో అడిగి ఉచితంగా తీసుకునే వీలూ ఉండేది. 2026 జనవరి 27 నుంచి అక్కడ సీటు నంబర్లు కేటాయించడం మొదలుపెట్టి ఈ నిబంధన మార్చారు. రెండో సీటు ముందే కొనాలి. విమానం ఒక్క సీటైనా ఖాళీతో బయల్దేరితే, మరికొన్ని షరతులు కూడా కుదిరితే, అప్పుడే వాపసు. అంతకుముందు సౌకర్యంగా ఉన్నది ఇప్పుడు భారం అయింది. వార్తలో ఇదొక్క ముక్కా లేదు.

ఇక మన సంగతి. విశాఖ నుంచి ఎగిరేవాటిలో ఎక్కువ ఎయిర్‌బస్ ఏ320 రకానివి. దాని లోపలి వెడల్పు 3.70 మీటర్లు, అంటే 145 అంగుళాల పైచిలుకు. సీటు 18 అంగుళాలు అనుకుంటే వరుసకు ఆరు సీట్లకు 108. ఆర్మ్‌రెస్ట్‌లు అటు నాలుగు, ఇటు నాలుగు, ఒక్కోటి సుమారు రెండంగుళాలు, 16. నడవా 19. కలిపితే 143. మిగిలిన రెండంగుళాలు గోడ వారన పోతాయి. బోయింగ్ 737 ఇంకా ఇరుకు. 1950ల నాటి 707 విమానం పైభాగం కొలతల మీదే దాన్నీ కట్టారు కాబట్టి ఏ320 కంటే ఆరేడు అంగుళాలు తక్కువ, సీటుకు 17 అంగుళాలే వస్తాయి. పోనీ ఏ320 అని ధైర్యంగా కూర్చుందామా అంటే అదీ కుదరదు. అదే విమానాన్ని సీటు 17 అంగుళాలు, నడవా 25 అంగుళాలు అని కూడా తయారుచేసి ఇస్తారు, జనం త్వరగా ఎక్కి దిగడానికి. మీరు కొన్న టికెట్ ఈ రెండింట్లో దేనికో టికెట్ మీద ఉండదు.

భుజాలు కాస్త వెడల్పైన మగవాడికి ఆ 17, 18 అంగుళాలు భుజాల దగ్గరే సరిపోవు, అతను లావు కానక్కర్లేదు. నడుము ఒక్కటే కొలత అనుకోవడం ఇక్కడి పొరపాటు. కిటికీ పక్కన గోడ లోపలికి వంగి ఉంటుంది కనుక అక్కడి మనిషి భుజం మధ్య సీటు వైపుకే వస్తుంది. నడవా వైపు మనిషి భోజనం బండి తగలకుండా లోపలికి జరుగుతాడు. మధ్యలో కూర్చున్నవారికి రెండు వైపులా నష్టం. ఇందులో ఎవరి తప్పూ లేదు, ముగ్గురూ డబ్బిచ్చే కూర్చున్నారు.

సీట్లు వెడల్పు చేయండి అనేవారికి ఒక మాట. సీటుకు ఒక్క అంగుళం పెంచాలంటే వరుసలో ఆరు అంగుళాలు కావాలి. నేల నుంచి 25 అంగుళాల ఎత్తు దాకా నడవా కనీసం 15 అంగుళాలు, ఆపైన 20 అంగుళాలు ఉండాలని రక్షణ నిబంధన. ఆర్మ్‌రెస్ట్‌ల దగ్గర కొలిచిన ఆ 19లో ఆరు తీస్తే 13 అవుతుంది, 15 కంటే తక్కువ, ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా, సగం తలుపులు మూసి ఉన్నా 90 సెకన్లలో అందరూ దిగగలగాలన్న పరీక్ష నెగ్గాలి కదా. కాబట్టి వరుసకు ఐదు సీట్లు వేయాల్సిందే, అప్పుడు ఆరో టికెట్ భారం మిగతా ఐదుగురి మీద పడుతుంది, అంటే 20 శాతం. నేను అది అడగడం లేదు. ఉన్న కొలత చెప్పమంటున్నాను.

కాళ్ల దగ్గర దూరం గురించైతే కొంత మాట్లాడతారు. 28, 29 అంగుళాలు అంటారు. అది మోకాలికీ ముందు సీటుకూ మధ్య ఖాళీ కాదు. ఒక సీటు మీది ఒక చోటి నుంచి ముందు సీటు మీది అదే చోటికి దూరం. అందులో సీటు వీపు మందం కూడా కలిసే ఉంటుంది. వెడల్పు అంకె మాత్రం టికెట్ కొనేచోట కనపడదు. దానికితోడు మొదటి వరుసకు, అత్యవసర ద్వారం వరుసకు అదనంగా వసూలు చేస్తారు. మొదటి వరుసలో ముందు సీటు ఉండదు కాబట్టి భోజనం బల్ల ఆర్మ్‌రెస్ట్ లోపల మడిచి పెడతారు. ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, పక్కలు మూసి ఉంటాయి, లోపల వెడల్పు మామూలు సీటు కంటే తగ్గుతుంది. సౌకర్యం కోసం ఎక్కువ డబ్బిచ్చిన లావుపాటి మనిషికి అన్నిటికంటే ఇరుకు సీటు దక్కుతుంది. అత్యవసర ద్వారం దగ్గర మరో చిక్కు: బెల్టుకు అదనపు ముక్క కావాల్సినవారిని అక్కడ కూర్చోనివ్వరు, డబ్బు కట్టాక లేపి వేరేచోట వేస్తారు. ఇవి బుకింగ్ పేజీలోనే చెప్పాలి.

ఆ అదనపు ముక్క గురించి కూడా తెలియనివారు ఎందరో. ఎక్కేటప్పుడు తలుపు దగ్గరే సిబ్బందిని మెల్లగా అడిగితే సీటు దగ్గరికి తెచ్చిస్తారు. విమానంలో అవి కొన్నే ఉంటాయి. బయట కొన్నది తెచ్చుకోకూడదు, కొక్కెం రకాలు వేరు. నడవా వైపు ఆర్మ్‌రెస్ట్ కదలదని చాలామంది అనుకుంటారు. చాలా సీట్లకు మడత దగ్గర, కింది వైపు వేలికి తగిలేలా చిన్న మీట ఉంటుంది, నొక్కితే లేస్తుంది. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం దించాలి.

ఇక రెండో సీటు. మన దేశంలో కొన్ని సంస్థలు ఒకే మనిషికి రెండు సీట్లు అమ్ముతున్నాయి. అమ్మడం వరకు బాగానే ఉంది, చిక్కంతా ఆ తర్వాతే. వెబ్ చెక్-ఇన్‌లో ఆ రెండూ వేర్వేరు వరుసల్లో పడొచ్చు. గేటు దగ్గర ఒక్క బోర్డింగ్ పాసే స్కాన్ చేస్తే రెండోవారు రాలేదని లెక్క తేలి ఆ సీటు మరొకరికి పోవచ్చు. అందుకే రెండు పాసులూ ప్రింటు తీసుకుని రెండూ స్కాన్ చేయించుకోవాలి. ఆఖరి నిమిషంలో పెద్ద విమానం బదులు ఏటీఆర్ 72 వస్తే సీట్ల పటమే మారిపోతుంది. అది అటు రెండు, ఇటు రెండు సీట్ల చిన్న విమానం, బరువు సమతూకం కోసం మధ్యలో సీటు మారనివ్వరు. ఎక్కే మనిషి ఒక్కరే కాబట్టి ప్రయాణికుడికి ఇంత అని వేసే విమానాశ్రయ రుసుములు రెండో సీటుకు పడకూడదు. బిల్లులో ఆ పద్దు చూసుకోండి.

కెనడాలో 2008 జనవరిలోనే రవాణా నియంత్రణ సంస్థ తీర్పు ఇచ్చింది. స్థూలకాయం వల్ల అంగవైకల్యం ఉన్నవారికి దేశీయ ప్రయాణాల్లో ఒక మనిషికి ఒకే టికెట్ అని, రెండో సీటుకు డబ్బు వద్దని. ఏడాది గడువిచ్చి 2009 జనవరి నుంచి అమలు చేశారు. దాని ఖర్చు ఎయిర్ కెనడాకు టికెట్‌కు 77 సెంట్లు, వెస్ట్‌జెట్‌కు 44 సెంట్లు అని లెక్క కూడా కట్టి చూపారు. డాలరు కూడా కాదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో స్థూలకాయం లేదు కాబట్టి ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. కానీ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తలుచుకుంటే సీట్ల విషయంలో నిబంధన పెట్టగలదు. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే కూర్చోబెట్టాలని 2024లో చెప్పింది. కొన్న తరగతి కంటే కింది తరగతిలో కూర్చోబెడితే దేశీయ టికెట్‌లో 75 శాతం తిరిగివ్వాలని 2023లో చెప్పింది. 18 అంగుళాలకు డబ్బిచ్చి 14 అంగుళాల్లో రెండు గంటలు కూర్చున్నవాడు కింది తరగతిలో కూర్చున్నట్టు కాదా?

ఫిర్యాదు చేయాలంటే ముందు సంస్థ నోడల్ అధికారికి, తర్వాత అప్పిలేట్ అధికారికి, అక్కడా తేలకపోతే పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్ సేవాలో పెట్టాలి. ఆలస్యమైతే గడియారం సాక్ష్యం, సామాను పోతే ట్యాగు సాక్ష్యం. సీటు సగం పోయిందనడానికి సాక్ష్యం ఏది? కొలతే లేనప్పుడు ఎవరు ఏం తేలుస్తారు? విమానం నిండి ఉంటే సిబ్బంది చేతులెత్తేస్తారు. ఆ తర్వాత నడవాలో అందరి ముందు ఇద్దరు ప్రయాణికులు ఒకరినొకరు తిట్టుకోవాలి. అమ్మినవాడు మాత్రం అక్కడ ఉండడు.

ఈ ఇరుకు విమానాలకే పరిమితం కాదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ముగ్గురు కూర్చునే సీటున్న బస్సు ఎక్కి చూడండి, మూడోవారి ఒళ్లు సగం బయటే ఉంటుంది. వందే భారత్ చైర్ కార్‌లోనూ అటు మూడు, ఇటు రెండు. మనిషికి ఎంత చోటు దక్కుతోందని వచ్చి చూసే అధికారి నాకైతే కనపడలేదు. భోగాపురం విమానాశ్రయం రన్‌వే 3,800 మీటర్లని నాయకులందరికీ నోటికి వచ్చు. ఉత్తరాంధ్ర నుంచే అశోక్ గజపతిరాజు గారు 2014లో, రామ్మోహన్ నాయుడు గారు 2024లో పౌర విమానయాన మంత్రులయ్యారు. ఇంత దగ్గరివాళ్లను మన పత్రికలు సీటు అంగుళాలు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

అడగాల్సినవి ఇవీ: ఆర్మ్‌రెస్ట్‌ల మధ్య వెడల్పు, విమానం రకంతో సహా, డబ్బు కట్టకముందే కనపడాలి. రెండు ఆర్మ్‌రెస్ట్‌లూ దిగితే ఒక సీటు, దిగకపోతే రెండు అన్నది అందరికీ ఒకే కొలబద్ద కావాలి, అది కౌంటర్ దగ్గరే, మరుగున తేలాలి. రెండో సీటు మూల ఛార్జీకే ఇవ్వాలి, విమానం ఖాళీతో వెళ్తే ఆ డబ్బు అడగకుండానే తిరిగి రావాలి. పక్కవారి వల్ల సీటు కోల్పోయినవారికి 2023 నాటి నిబంధనలాగే వాపసు ఉండాలి, ఆ డబ్బు సంస్థ ఇవ్వాలి గానీ పక్కన కూర్చున్న మనిషి కాదు.

ఈసారి ఈ వార్త వేస్తే ఆ కార్టూన్ బదులు టేపు పెట్టి కొలిచిన సీటు ఫొటో వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం