రీసైకిల్ ప్లాస్టిక్ 30 శాతం దగ్గరే ఎందుకు ఆగాము: మా వినియోగదారులకు ఒక వివరణ

మా వద్ద నిల్వ క్రేట్లు, మూత డబ్బాలు, పనిముట్ల పెట్టెలు, యంత్రాలకు అమర్చే చిన్న ప్లాస్టిక్ విడిభాగాలు కొనుగోలు చేసే వారందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాము. రాబోయే ఉత్పత్తి నుంచి క్రేట్లలోనూ, విడి మూత ఉన్న డబ్బాలలోనూ రీసైకిల్ చేసిన పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను 30 శాతం వరకు కలుపుతున్నాము. పెట్టెతో కలిసే అచ్చయి, మడత పడుతూ తెరుచుకునే మూత గల వాటిలో మాత్రం కలపడం లేదు. ఈ విషయమై మాకు రెండు రకాల ఉత్తరాలు వస్తున్నాయి. నూటికి నూరు పాళ్లూ రీసైకిల్ పదార్థంతో ఎందుకు తయారు చేయరని కొందరు అడుగుతున్నారు. అసలు ఒక్క పాలు కూడా కలపవద్దని, తమ సరుకు పగిలిపోతుందని మరికొందరు అంటున్నారు. ఇద్దరికీ మా జవాబు ఒకే చోట నుంచి వస్తుంది. మంచి రీసైకిల్ లాటు (ఒక విడతగా వచ్చిన సరుకు) మేము అనుకున్నదానికంటే బలంగానే ఉంది, కానీ తర్వాత వచ్చే లాటు కూడా అలాగే ఉంటుందని చెప్పడానికి వీలు లేదు. మా ఇబ్బంది అంతా ఆ హెచ్చుతగ్గులతోనే.

దీనికి కారణం పదార్థంలోనే ఉంది. పాలిప్రొపిలీన్‌ను కరిగించిన ప్రతిసారీ వేడి, ఒరిపిడి, ఆక్సిజన్ కలిసి దాని పొడవాటి అణు గొలుసులను తెంచుతాయి. గొలుసులు పొట్టివైన కొద్దీ కరిగిన పదార్థం పలచబడి సులువుగా ప్రవహిస్తుంది. ఈ ప్రవాహాన్ని కొలిచే అంకెనే మెల్ట్ ఫ్లో ఇండెక్స్ అంటారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వారి 1133 ప్రమాణం ప్రకారం పాలిప్రొపిలీన్‌ను 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 2.16 కిలోల బరువు కింద, సన్నని రంధ్రం గుండా పంపి, 10 నిమిషాలలో ఎన్ని గ్రాములు బయటకు వచ్చాయో చూస్తారు. రీసైకిల్ గుళికలలో ఒక బస్తా ఒకసారి కరిగిన వస్తువుల నుంచి, మరొకటి అంతకుముందే చాలాసార్లు కరిగిన వస్తువుల నుంచి వచ్చి ఉండవచ్చు; పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఈ అంకె మాత్రం తేడా చెబుతుంది.

దానికంటే మమ్మల్ని ఎక్కువగా బాధించేది పాలిథిలీన్ అనే మరో ప్లాస్టిక్ కలవడం. పీఈటీ, పీవీసీ వంటి ఇతర ప్లాస్టిక్‌లు నీటి తొట్టిలో మునిగిపోతాయి కనుక వాటిని వేరుచేయడం తేలిక. పాలిప్రొపిలీన్ సాంద్రత సుమారు 0.90, గట్టి రకం పాలిథిలీన్ సాంద్రత సుమారు 0.95, రెండూ నీటి మీద తేలుతాయి, ఆ తొట్టిలో విడిపోవు. కరిగించినప్పుడు కూడా ఇవి నిజంగా కలిసిపోవు. ఒకదానిలో మరొకటి సన్నని చుక్కలుగా మిగిలి, ఆ చుక్కల అంచుల దగ్గర పట్టు లేక, వస్తువు సాగవలసిన చోట చిట్లుతుంది. వేడి చేస్తూ ద్రవీభవనాన్ని గమనించే డీఎస్‌సీ పరీక్షలో 130 డిగ్రీల దగ్గర ఒక శిఖరం, 160 డిగ్రీలు దాటాక మరొక శిఖరం కనిపిస్తే మొదటిది పాలిథిలీన్ గుర్తు. మా వంటి చిన్న కర్మాగారంలో ఆ పరికరం లేదు. ప్రతి లాటు నుంచి నమూనా తీసి బయటి ప్రయోగశాలకు పంపుతున్నాము.

సరఫరాదారు ఇచ్చే పత్రంలో సాధారణంగా లాటు మొత్తానికి ఒకే సగటు ఉంటుంది. ఆ సగటు తప్పని మేము అనడం లేదు. అయితే అచ్చులోకి వెళ్లేది సగటు కాదు, ఆ నిమిషంలో హాపర్‌లో, అంటే యంత్రానికి గుళికలు అందించే గరాటు తొట్టిలో ఉన్న గుళికలు. అందుకే ఒకే బస్తాలో పై నుంచి, అడుగు నుంచి తీసిన గుళికల మధ్య తేడా ఎంత, ఒకే లాటులోని బస్తాల మధ్య ఎంత, లాటుకూ లాటుకూ మధ్య ఎంత అని మొత్తం విచలనాన్ని భాగాలుగా విడదీసి చూశాము. బస్తా లోపలి తేడా చిన్నది, లాట్ల మధ్య తేడాదే పెద్ద వాటా. ఇది తేలాక మా పరీక్షల తీరే మార్చవలసి వచ్చింది. ఒకే లాటు నుంచి వంద ముక్కలు పరీక్షించినా ఆ లాటు గురించే తెలుస్తుంది, రాబోయే లాటు గురించి దాదాపు ఏమీ తెలియదు. కొన్ని ముక్కలే అయినా ఎక్కువ లాట్ల నుంచి తీస్తే తెలిసేది ఎక్కువ.

దీని నుంచే ఒక ఉపాయం కూడా దొరికింది. నాలుగు లాట్లను సమపాళ్లలో కలిపితే, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేనంత వరకు, మిశ్రమాల మధ్య ప్రామాణిక విచలనం (సగటు నుంచి కొలతలు ఎంత చెదిరాయో చెప్పే అంకె) సగానికి తగ్గుతుంది. ఒకే సరఫరాదారు నుంచి వరుసగా వచ్చిన లాట్లు ఒకదాని పోలికలో మరొకటి ఉంటాయి కనుక వాటిని కలిపితే అంత లాభం రాదు. కాబట్టి వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు సమయాలలో వచ్చిన లాట్లను నిల్వ ఉంచి కలుపుతున్నాము. నిల్వకు చోటు, పెట్టుబడి రెండూ కావాలి. బయటి ప్రయోగశాల రుసుములు అదనం. రీసైకిల్ పదార్థం వాడితే మీకు ధర తగ్గుతుందని ఆశించిన వారికి, ప్రస్తుతానికి తగ్గదని ఇక్కడే చెప్పేస్తున్నాము.

ఇక ప్రయోగాల సంగతి. రీసైకిల్ పాలు (మిశ్రమంలో దాని శాతం), బ్యారెల్ (ప్లాస్టిక్‌ను కరిగించే గొట్టం) ఉష్ణోగ్రత, అచ్చు ఉష్ణోగ్రత, హోల్డింగ్ ఒత్తిడి (అచ్చు నిండాక చల్లారే దాకా పట్టి ఉంచే ఒత్తిడి), చల్లబరిచే సమయం అనే ఐదు అంశాలను ఒక్కొక్కటి రెండు స్థాయిలలో పరీక్షించాలంటే మొత్తం 32 కలయికలు అవుతాయి. సగం కలయికలను తగిన క్రమంలో ఎంచుకుంటే 16 సరిపోతాయి. ఒక్కో అంశం ప్రభావమూ, ఏ రెండు అంశాలు కలిసి చూపే ప్రభావమూ వాటితోనే విడిగా లెక్కకు వస్తాయి, మూడేసి అంశాల ఉమ్మడి ప్రభావాలు పెద్దవి కావని ఒప్పుకోవలసి ఉంటుంది. ఉన్న యంత్రాలను మీ ఆర్డర్ల నుంచి తప్పించి ప్రయోగాలకు వాడుతున్న మాకు ఈ సగం చాలా విలువైనది.

అంశాలను ఒక్కొక్కటిగా మార్చి చూస్తే సరిపోదా అని మా వర్క్‌షాప్‌లోనే ప్రశ్న వచ్చింది. సరిపోదని హోల్డింగ్ ఒత్తిడి చూపించింది. రీసైకిల్ పాలు తక్కువగా ఉన్నప్పుడు ఒత్తిడి పెంచితే మూత కుదింపు తగ్గి, కొలత చక్కగా వచ్చింది. పాలు పెరిగాక, పదార్థం పలచబడినందువల్ల, అదే ఒత్తిడికి అచ్చు అంచుల నుంచి ఫ్లాష్, అంటే పలచని అదనపు ప్లాస్టిక్, బయటకు వచ్చింది. అంటే ఒత్తిడి ఎంత ఉండాలన్న ప్రశ్నకు పాలు ఎంతో చెప్పకుండా జవాబే లేదు. పాలిప్రొపిలీన్ చల్లారేటప్పుడు ఒకటి నుంచి రెండున్నర శాతం వరకు కుదించుకుపోయే పదార్థం. మూత బిగువు ఆ కుదింపు మీదే ఆధారపడుతుంది.

ప్రయోగాల వరుసలో ఇంకొక చిక్కు ఉంది. ఒత్తిడిని, చల్లబరిచే సమయాన్ని తెర మీద అంకె మార్చి మార్చుకోవచ్చు. బ్యారెల్ ఉష్ణోగ్రత మారిస్తే యంత్రం నిలకడకు రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా వచ్చిన ముక్కలన్నీ పక్కన పెట్టవలసిందే. కనుక ఉష్ణోగ్రతను ఒకసారి నిలిపి, దాని కింద మిగతావాటిని యాదృచ్ఛిక క్రమంలో మార్చుతూ పోయాము. గణాంక శాస్త్రంలో దీనిని స్ప్లిట్ ప్లాట్ అంటారు. వ్యవసాయ ప్రయోగాలలో ఒక పెద్ద మడికి ఒక పద్ధతి, ఆ మడిలోని చిన్న ముక్కలకు వేరు వేరు పద్ధతులు అమలు చేసిన రోజుల నుంచి వచ్చిన పేరు అది. ఇలా చేసిన ప్రయోగాన్ని మామూలు ప్రయోగంలా లెక్క కడితే ఉష్ణోగ్రత ప్రభావం మీద ఉండవలసిన దానికంటే ఎక్కువ నమ్మకం కలుగుతుంది, ఎందుకంటే ఉష్ణోగ్రతను నిజంగా మార్చింది కొద్దిసార్లే. ఉష్ణోగ్రత మార్చినప్పుడు వచ్చే యాదృచ్ఛిక తేడాలను, మిగతావి మార్చినప్పుడు వచ్చే తేడాలను వేరుగా లెక్క కట్టిన తర్వాత, బ్యారెల్ ఉష్ణోగ్రత గురించి మేము గట్టిగా చెప్పగలిగింది తక్కువేనని తేలింది. ఆ అంశాన్ని అందుకే పాత స్థాయిలోనే ఉంచాము.

చిన్న కర్మాగారాలకు ఇంత గణాంకం ఎందుకని అనిపించవచ్చు. నిజానికి నమూనాలు తక్కువగా ఉన్నవారికే దీని అవసరం ఎక్కువ. 1908లో విలియం గాసెట్ చిన్న నమూనాల లెక్కను 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించినప్పుడు ఆయన గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగి; కొద్దిపాటి కొలతలతోనే నిర్ణయాలు తీసుకోవలసిన అవసరం నుంచే ఆ లెక్క పుట్టింది.

మీలో ఎక్కువ మంది అడిగే పగుళ్ల ప్రశ్నకు వస్తాను. ఒక మిశ్రమంతో చేసిన 300 క్రేట్లను పైనుంచి పడవేసినప్పుడు ఒక్కటి కూడా పగలలేదని అనుకోండి. దాన్ని బట్టి పగిలే అవకాశమే లేదని చెప్పడం సరికాదు. 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగింది, పగిలే రేటు సుమారు 1 శాతం కంటే తక్కువ అని మాత్రమే. మూడును పరీక్షల సంఖ్యతో భాగిస్తే వచ్చే హద్దు అది. ఆ 300 క్రేట్లూ ఒకే లాటువైతే ఈ హద్దు ఆ లాటుకే వర్తిస్తుంది. 'పరీక్షలో ఒక్కటీ పగలలేదు' అన్న మాట మా ప్రచారంలో మీకు ఎక్కడా కనిపించకపోవడానికి కారణం ఇదే.

30 శాతం దగ్గర ఎందుకు ఆగామంటే, మిశ్రమంలో రీసైకిల్ పాలు పెరిగే కొద్దీ బిగువు, దృఢత్వం నెమ్మదిగా తగ్గాయి, కానీ దెబ్బ తట్టుకునే శక్తిలో బలహీనమైన ముక్కలు చాలా ముందుగానే కనిపించాయి. సగటు గీత సాఫీగా ఉన్నా, దాని కింది అంచు త్వరగా జారిపోయింది. మీకు చేరేది ఒకటో రెండో డబ్బాలు కనుక మేము ఆ కింది అంచును చూసే నిర్ణయించాము. మా ప్రయోగాలు 50 శాతం వరకే జరిగాయి. ఆ పరిధి లోపల, ప్రయోగాల ఫలితాల నుంచి మేము కట్టిన సమీకరణం పనికి వస్తుంది. దాన్ని పొడిగించి 100 శాతం గురించి మాట్లాడితే అది ఊహే అవుతుంది.

గోడ మందం పెంచి ఎక్కువ పాలు కలపవచ్చు కదా అన్న సూచన కూడా వచ్చింది. లెక్క చూడండి. 30 శాతం కలిపి, బలం కోసం బరువు 15 శాతం పెంచితే, పాత వస్తువులో 100 గ్రాముల కొత్త పాలిమర్ (రీసైకిల్ కాని ప్లాస్టిక్) ఉన్న చోట ఇప్పుడు 80.5 గ్రాములు ఉంటాయి. చీటీ మీద 30 అని ఉన్నా, నిజంగా ఆదా అయ్యేది 19.5 శాతమే, పైగా రవాణా చేయవలసిన బరువు పెరుగుతుంది. అందువల్ల మందాన్ని ముట్టుకోలేదు.

చీటీ మీద ఉండే అంకె గురించి మరొక మాట. ఐఎస్ఓ 14021 ప్రమాణం ప్రకారం, ఒక ప్రక్రియలో పుట్టిన తుక్కును అదే ప్రక్రియలో తిరిగి వాడుకుంటే దాన్ని రీసైకిల్ పాలుగా చెప్పుకోకూడదు. అచ్చు నుంచి విడిపోయే రన్నర్లను, అంటే ప్లాస్టిక్ ప్రవహించిన కాలువలలో గడ్డకట్టిన ముక్కలను, మేము పొడి చేసి మళ్లీ హాపర్‌లో వేయడం ఎప్పటి నుంచో ఉన్నదే. 30 శాతంలో అది లేదు. ఇందులో లెక్కించింది జనం వాడి పారేసిన వస్తువుల నుంచి వచ్చిన పదార్థం మాత్రమే.

రంగు మారుతుంది. క్రేట్లు ఇకపై లేత బూడిద రంగులో వస్తాయి, ఒక లాటు కొంచెం పచ్చగా, మరొకటి కొంచెం ముదురుగా ఉండవచ్చు. నల్ల రంగు వేస్తే ఈ తేడాలన్నీ మాయమవుతాయని మాకు తెలుసు, రీసైకిల్ వస్తువులు తరచుగా నల్లగా ఉండటానికి కారణమూ అదే. కానీ సాధారణ కార్బన్ బ్లాక్ సమీప పరారుణ కాంతిని పీల్చుకుంటుంది, ఏరివేత కేంద్రాలలోని యంత్రాలు ప్లాస్టిక్ రకాన్ని గుర్తించేది ఆ కాంతితోనే. నల్లటి క్రేటు వాటికి కనిపించదు, మళ్లీ రీసైకిల్‌కు వెళ్లే దారి అక్కడే మూసుకుపోతుంది. కంటికి ఇంపుగా ఉండటం కోసం ఆ దారి మూయడం మాకు ఇష్టం లేదు. కలప పొడి కలిపిన ప్లాస్టిక్ అడిగిన వారికి కూడా దాదాపు ఇదే మా జవాబు: దృఢత్వం వస్తుంది, చెమ్మ పీల్చుకుంటుంది, చివరకు మామూలు పాలిప్రొపిలీన్‌తో కలిపి రీసైకిల్ చేయడం కష్టమవుతుంది.

మడత మూత పెట్టెలను పూర్తిగా కొత్త పాలిమర్‌తోనే చేస్తాము. ఆ మడత దగ్గర ప్లాస్టిక్ కాగితమంత పలచగా ఉంటుంది, మొదటిసారి వంచినప్పుడు అణు గొలుసులు ఒకే దిశలో సర్దుకోవడం వల్లనే అది వేల సార్లు తెగకుండా వంగుతుంది. వడపోతను దాటి వచ్చిన ఒక చిన్న నలుసు అక్కడ పడితే చాలు, చీలిక మొదలవుతుంది. ఆహారానికి నేరుగా తగిలే డబ్బాలకూ ఈ మిశ్రమాన్ని వాడము. పాత వస్తువులో ఏమి నిల్వ చేశారో మాకు తెలియదు. చల్లని గదులలో వాడే క్రేట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సాధారణ పాలిప్రొపిలీన్ సున్నా డిగ్రీల పరిసరాలలోనే పెళుసుబారడం మొదలుపెడుతుంది, రీసైకిల్ పాలు ఆ పెళుసుదనాన్ని తగ్గించదు.

ఉత్పత్తి మొదలయ్యాక ప్రతి మిశ్రమం మెల్ట్ ఫ్లో ఇండెక్స్‌ను నియంత్రణ పటం (వరుస కొలతలను పై, కింది హద్దులతో పోల్చి చూపే గ్రాఫు) మీద గుర్తిస్తాము. 1924లో వాల్టర్ షూహార్ట్ ప్రతిపాదించిన పద్ధతే ఇది. అంకె హద్దు దాటితే, లేదా హద్దు లోపలే ఉన్నా వరుసగా ఒకే వైపుకు జరుగుతూ పోతే, ఆ మిశ్రమంలో రీసైకిల్ పాలు తగ్గిస్తాము. అందుచేత చీటీ మీద 30 అని ముద్రించి వదిలేయకుండా, ఆ లాటులో నిజంగా కలిపిన శాతాన్ని లాటు సంఖ్య పక్కనే ముద్రిస్తాము. అది కొన్నిసార్లు 20 కూడా కావచ్చు.

అచ్చులు మార్చలేదు కనుక కొత్త మూతలు మీ దగ్గరున్న పాత డబ్బాలకు సరిపోతాయి, బిగువులో స్వల్ప తేడా తెలియవచ్చు. ఏదైనా పగిలితే ముక్కలతో పాటు అడుగు భాగంలోని లాటు సంఖ్యను మాకు పంపండి. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత బరువుతో వాడారో కూడా రాయండి, ఎందుకంటే మా పరీక్షా గదిలో లేని పరిస్థితులు మీ దగ్గరే ఉన్నాయి. మీ కొనుగోలు నిబంధనలలో రీసైకిల్ పదార్థం ఉండకూడదని ఉన్నా, క్రేట్లను చల్లని గదిలో వాడుతున్నా, తదుపరి ఆర్డరుకు ముందే తెలియజేయండి. అలా తెలిపిన వారికి కొత్త పాలిమర్‌తోనే తయారు చేస్తాము; తెలపని వారికి బూడిద రంగు క్రేట్లు వస్తాయి.